కెప్టెన్ బాబాయి చైర్మన్‌గిరీ

మొన్న మనవరాలి పుట్టిన సర్టిఫికెట్ కోసం మా ఊరి మునిసిపల్ ఆఫీసుకి వెళ్తే, వరండా గోడకున్న చైర్మన్ల బోర్డుకి పెయింటర్ కొత్త రంగు వేస్తున్నాడు. మా బాబాయి పేరు దగ్గర కుంచె ఆపి, "ఈయన చానా కొద్దికాలమే చేసినట్టుండాడే!" అన్నాడు. అవునన్నట్టు తలూపి బెంచీ మీద కూర్చున్నాను. ఆ తర్వాత గుమాస్తా నన్ను పిలిచినా వినిపించలేదు.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. మిరపతోటలకి నీళ్లు కడుతూ పెరిగి, సిపాయిగా సైన్యంలో చేరి, మెట్టుమెట్టుగా ఎక్కి కెప్టెన్‌గా రిటైరయ్యాడు. ఊరికొచ్చాక కూడా చొక్కా మడత నలగనిచ్చేవాడు కాదు. వీధికుక్కల్ని హిందీలో అదిలించేవాడు. మనం తెలుగులో ఎంత అరిచినా కదలనివి, ఆయన గొంతు వింటే లైను కట్టి పోయేవి. సైన్యంలో అబ్బిన ఇంకో అలవాటు, ప్రతిదానికీ అనుమతి అడగడం. వంటింటి గడప బయట నిటారుగా నిలబడి "మజ్జిగ తీసుకోవచ్చా?" అనేవాడు. పిన్ని తల కొట్టుకునేది. "ఏందయ్యా, నీ ఇంట్లో మజ్జిగ తాగటానిక్కూడా పైనుంచి ఆర్డరు రావాలా?" అంటుంటే మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. అది నవ్వే విషయం కాదని అప్పటికి మాకెవరికీ తెలియదు.

రెండు వర్గాల కొట్లాటలతో విసిగిపోయిన మా ఊళ్లో, ఎవరికీ చెడ్డ కానివాడు ఒకడు కావాల్సొచ్చింది. పార్టీ పెద్దాయన స్వయంగా ఇంటికొచ్చి బాబాయిని ఒప్పించి నిలబెట్టాడు. గెలిచి చైర్మనయ్యాక ఆయన పొద్దున్నే మురిక్కాలవల వెంట నడుస్తుంటే, ఊడ్చేవాళ్లు చీపుళ్లు తుపాకుల్లా భుజాన పెట్టుకుని నిలబడేవాళ్లట. మాచర్ల బస్సు ఆగే చోట చెత్తకుప్ప పోయింది. జనం మెచ్చుకున్నారు. ఆ వైభవం ఎండాకాలం దాకానే.

చెరువుకి నీళ్లొచ్చే కాలవ కట్టేశారు. మంచినీళ్ల చెరువు అడుగంటింది. ఊరి చివర నాపరాళ్ల క్వారీ కూలీల కాలనీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున మా ఇంటి ప్లాను పని మీద నేను ఆఫీసులో బాబాయి గదిలో కూర్చుని ఉండగా ఆ కాలనీ నుంచి ఒకామె వచ్చింది. కొంగు నడుముకి బిగించి, సీసాలో తెచ్చిన పచ్చటి నీళ్లు ఆయన గ్లాసులోకి వంపింది. "ఒక్క గుక్క తాగన్నా. తాగి చెప్పు, మా పిల్లకాయలకి పొయ్యొచ్చో లేదో" అంది. బాబాయి నిజంగానే గ్లాసు ఎత్తాడు. పక్కనున్న ఇంజనీరు గబుక్కున లాక్కున్నాడు.

ఎక్కడో పైపు పగిలి మురుగు కలుస్తోందనీ, అదెక్కడో తేలేదాకా ఊరంతటికీ నీళ్లు ఆపాల్సిందేననీ ఇంజనీరు చెప్పాడు. ఊరికంతా ఒకటే ట్యాంకు. "ఇప్పుడే ఆపేస్తా, అమ్మా" అని బాబాయి ఆమెకి మాటిచ్చి పంపాడు. పంపి, అలవాటు ప్రకారం పెద్దాయనకి ఫోన్ చేశాడు. అవతలి గొంతు నాకూ వినబడింది. "పెళ్లిళ్ల రోజులు. ఊరంతా నీళ్లాపితే మన పరువేం గాను? రేపు పొద్దున నేనే చెప్తా, అప్పటిదాకా ఆగు." బాబాయి "సరేనండి" అన్నాడు.

ఆగాడు. ఆ పగలంతా ట్యాంకు దగ్గరికి వెళ్తాడు, వాల్వు చక్రం మీద చెయ్యి వేస్తాడు, ఫోన్ చూసుకుంటాడు, వెనక్కి వస్తాడు. మధ్యాహ్నం పిన్ని పెట్టిన అన్నం అలాగే ఎండిపోయింది. పొద్దుగూకే వేళకి కాలనీ నుంచి ఆటోలు నరసరావుపేట ఆసుపత్రికి బయల్దేరాయి. గ్లాసులో నీళ్లు పోసినామె, వేరే నీళ్లు లేక అవే తాగి, దారిలోనే పోయింది.

కబురు వినగానే బాబాయి చెప్పులు లేకుండా పరిగెత్తాడు. తుప్పు పట్టిన చక్రాన్ని ఎవర్నీ తాకనివ్వకుండా తానే తిప్పి కట్టేశాడు. అరచేతులు చీరుకుపోయాయి. "ఇప్పుడు తిప్పాను... ఇప్పుడు..." అని అదే మాట అంటూ అక్కడే కూలబడ్డాడు. తర్వాత ఎవర్నీ అడగలేదు. వచ్చిన ప్రతి ట్యాంకరూ ముందు కాలనీకే పంపించాడు. తమ వార్డులకి నీళ్లు రావడం లేదని కౌన్సిలర్లు మండిపడ్డారు. అవిశ్వాసం పెట్టారు. తన మనుషులే చేతులెత్తుతుంటే ఒక్కొక్కరినీ చూస్తూ కూర్చుని, చివర్లో తన చెయ్యి కూడా ఎత్తాడు.

ఆ తర్వాత రోజూ ఆ కాలనీకి వెళ్లి చనిపోయినామె భర్త గుమ్మం ముందు కూర్చునేవాడు. ఆ మనిషి చాన్నాళ్లు పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. ఒకరోజు మాత్రం రాయి చెక్కుతున్న ఉలి ఆపి, "పొద్దున తిప్పుంటే బతికేదిగా సామీ" అన్నాడు. "బతికేది" అన్నాడు బాబాయి. మర్నాడు మళ్లీ వెళ్లాడు, నడవగలిగినన్నాళ్లూ వెళ్లాడు.

ఆఖరి రోజుల్లో ఆయనకి సైన్యం గుర్తులేదు, చైర్మన్‌గిరీ గుర్తులేదు, మా పేర్లు కూడా గుర్తులేవు. మంచం మీద ఉలిక్కిపడి లేచి, "ఇంకా పొద్దుంది కదరా?" అని అడిగేవాడు. అన్నేళ్లు ఇట్టే గడిచిపోయిన మనిషికి, ఆ ఒక్క పగలు మాత్రం చివరిదాకా గడవలేదు.