శ్రమదానంతో వేసిన కట్ట

యువజన నాయకత్వ శిబిరం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపమంతా నా మీదే.

అరవైల మొదట్లో గోరంట్ల వైపు ఒక బ్లాక్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. పల్లెల్లో యువజన సంఘాలు పెట్టించడం నా ఉద్యోగం. రెండేళ్లుగా సరైన వాన లేదు. అలాంటి ఎండాకాలంలో ఒక ఊరి బడిలో అయిదు రోజుల శిబిరం పెట్టాను. నలభై మంది దాకా పడుచువాళ్ళు వచ్చారు. ఎక్కువమంది రైతుల బిడ్డలు, కొందరు అనంతపురం కాలేజీలో చదివేవాళ్ళు. కూలివాడ నుంచి వచ్చింది ఒక్కడే. వాళ్ళ వాడ చెరువు పక్కనే. అక్కడ చదవడం, రాయడం వచ్చినవాడు అతనొక్కడేనని బడి అయ్యవారు పంపించాడు.

ఉపన్యాసాలతో సరిపెడితే పై అధికారికి ఏం చూపిస్తాం? శ్రమదానం ఉండాలి. ఎండిపోయిన ఆ చెరువు కట్ట తెగి ఉంది. దాన్ని మనమే వేద్దామని మొదటి రోజే ప్రకటించాను. కూలివాడ కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"సార్, ఆ కట్ట కరువు పని కింద వస్తాది, సర్కారు కూలి ఇస్తాదని మావోళ్ళు కాసుకోనుండారు. మనం ఊరికే వేసేస్తే వాళ్ళు యాడికి పోవాల?"

నాకది తెలియని సంగతి కాదు. ఆ పని మంజూరు కాగితం మా ఆఫీసులోనే తిరుగుతోంది, ఎప్పటికి తేలుతుందో ఎవరికీ తెలియదు.

"నాయకుడైనవాడు తనవాళ్ళ సంగతి పక్కన పెట్టి ఊరి సంగతి చూడాలప్పా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అతను కూర్చున్నాడు. ఎంత బాగా చెప్పానో అని ఆ పూటంతా మురిసిపోయాను కూడా, సిగ్గులేని మనిషిని.

కాలేజీ పిల్లలకు మొదటి పూటకే చేతులు బొబ్బలెక్కాయి. గడ్డపార ఎలా పట్టాలో, మన్ను తట్ట ఎలా అందించాలో వాళ్ళకు అతనే నేర్పాడు. కట్ట లేచిందంటే అతని వల్లే. వాడలోని ఆడవాళ్ళు రోజూ వచ్చి దూరంగా నిలబడి చూసిపోయేవారు. మెచ్చుకోవడానికి వస్తున్నారనుకున్నాను. అడిగి ఉంటే చెప్పేవారు, అడగలేదు. ఎదుటివాళ్ళు చెప్పేది ఓపికగా వినాలని రెండో రోజు పాఠం చెప్పింది మాత్రం నేనే.

చివరి రోజు అధికారి జీపులో వచ్చి, కట్ట మీద అటూ ఇటూ నడిచి, ఉత్తమ కార్యకర్త అని అతనికి సర్టిఫికెట్ ఇచ్చాడు.

నెల తిరక్కుండానే కరువు పనులు మంజూరయ్యాయి. ఆ ఊరి పేరు కొట్టేసి, పని చిలమత్తూరు వైపు ఇంకో ఊరికి ఇచ్చారు. ఇక్కడ కట్ట అయిపోయింది కదా అన్నారు.

ఆ వారమే అతని తల్లి ఎండలో నడిచి ఆఫీసుకు వచ్చింది.

"నాయనా, మా కడుపు కొట్టినాడని వాడంతా మావోన్ని తిడతాండారు. పలకరించేటోళ్ళే లేరు. నువ్వొకసారి వచ్చి, నేనే చేయించినానని చెప్పు. నీ మాటైతే ఇంటారు."

"ఆదివారం వస్తానమ్మా" అన్నాను.

శిబిరం నివేదిక తొందరగా కావాలన్నారని వంక పెట్టుకుని ఆ ఆదివారం పోలేదు. నిజానికి పోవడానికి మొహం చెల్లలేదు. ఆ పై ఆదివారం సైకిలు మీద వెళ్ళాను. గుడిసెల వాకిళ్ళన్నిటికీ ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. ఒక్క ఇంటి ముందు మాత్రం అతను కూర్చుని ఉన్నాడు.

"అందురూ మన్ను పనికి బెంగుళూరు తట్టు పోయినారు సార్. మూడు దినాలాయ. నన్నూ మాయమ్మనూ గుంపులో రానీలేదు."

"వాళ్ళకు చెబుదామనే వచ్చినానప్పా" అన్నాను.

"ఇంగ ఎవురికి చెప్తారు సార్?" అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తాగి, సైకిలెక్కి వచ్చేశాను.