తిమోతి పాస్ చేయని నీలం

తిమోతికి ఏ నీలమూ నచ్చదు. ఎరుపు, పసుపు, పచ్చ ఎలా ఉన్నా ఆయనకు పట్టింపు లేదు. నీలం కనపడితే మాత్రం ఆగి, మెడ ఎడమవైపు వంచి, ఒక కన్ను మూసి, తీర్పు చెప్పి గానీ కదలడు. తీర్పు ఎప్పుడూ ఒకటే: "కుదర్లేదు."

వాన వెలిశాక నల్లమల మీద తేరుకున్న ఆకాశాన్ని చూసి కూడా అదే మాట. "తెలుపెక్కువ పడింది" అని నలుగురిలో అన్నాడు. చుట్టాల పెళ్ళిలో పెళ్ళికూతురి చీర గురించి పెళ్ళికూతురికే చెప్పినందుకు ఆయన భార్య కృప చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. చర్చిలో కొత్తగా పరలోకం బొమ్మ వేయించి అయ్యగారు ముచ్చటగా ఎలా ఉందని అడిగితే, "పరలోకం ఈ రంగులో ఉంటే నేను ఈడనే ఉంటానయ్యగారూ" అన్నాడు.

ఇలాంటి మనిషిని జీతమిచ్చి పోషించే చోటు మార్కాపురం చుట్టుపక్కల ఒకటే ఉంది. మూతపడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డులో ఆనంద్ బాబు నడిపే నీలిమందు ఫ్యాక్టరీ. తెల్లమట్టి, సోడా, గంధకం కలిపి బట్టీలో రోజుల తరబడి కాలిస్తే నీలం పొడి వస్తుంది. బట్టలకు, గోడల సున్నానికి, ప్లాస్టిక్ బిందెలకు అదే రంగు. ఆ పొడి పాసో ఫెయిలో చెప్పడం తిమోతి పని. పాస్ చేసేటప్పుడు కూడా కుదిరిందని అనడు, "పోనీలే" అంటాడు. ఆయన పోనీలే అన్న సరుకు ఏనాడూ వెనక్కి రాలేదు. అందుకే తిమోతి మెడ వంచితే ఆనంద్ బాబు ఊపిరి బిగపట్టేవాడు.

అయితే గంధకం కాలిస్తే వచ్చేది నీలం ఒక్కటే కాదు. సల్ఫర్ డయాక్సైడ్ కూడా వస్తుంది. కళ్ళు మండించి గొంతు పట్టుకునే పొగ. దాన్ని ఒక పెద్ద పీపాలోకి మళ్ళించి పైనుంచి సున్నపునీళ్ళు జల్లు కొట్టిస్తే చాలావరకు ఆ నీళ్ళలోనే చిక్కుకుంటుంది. కాగితాల మీద దాని పేరు స్క్రబ్బర్. ఫ్యాక్టరీలో అందరూ పంపు అనేవారు, జల్లు కొట్టేది పంపే కాబట్టి. కరెంటు ఖర్చు గుర్తొచ్చిన రోజున ఆనంద్ బాబు పంపు ఆపించేవాడు. ఆ రోజు పొగ తిన్నగా గోడ పక్కనున్న ఎల్లమ్మ టీ దుకాణం మీదికి దిగేది.

ఎల్లమ్మది అసలే పలకల దుమ్ము పీల్చిన ఛాతి. పొగ దిగిన రోజున మాటకో దగ్గు. అయినా తిమోతితో తగువు మానేది కాదు.

"నీ తలుపు రంగు కుదర్లేదక్కా."

"నీ మొగం కుదిరిందా? టీ తాగి..." దగ్గు. "పొద్దున్నే నా తలుపు మీద..." మళ్ళీ దగ్గు.

తిమోతి గ్లాసు అక్కడ పెట్టి షెడ్డులోకి పోయేవాడు. ఆ రోజు సరుకంతా ఫెయిలే.

ల్యాబులో పనిచేసే రేణుకకు ఇదంతా మొదట్లో తెలియదు. గిద్దలూరు పిల్ల, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. చేరిన రోజే తిమోతి సిద్ధాంతం ఆమె చెవిన పడింది.

"పంపు ఆపితే బట్టీ అలుగుతాది పాపా. నీలం ఆకుపచ్చకు తిరుగుతాది."

"బట్టీ దాటినాకనే కదా చిన్నాయనా పొగ పంపు కాడికి వచ్చేది? అది వెనక్కి పోయి రంగునెట్ల మారుస్తాది?"

"నువ్వు చదువుకున్నావు. బట్టీ చదువుకోలా."

ఈ వాదనకు యూనివర్సిటీలో ఎవరూ జవాబు నేర్పలేదు. ఆనంద్ బాబు మాత్రం నమ్మాడు. సరుకు ఫెయిలైందని తెలియగానే పరుగున వచ్చి పంపు వేయించేవాడు. పంపు కాసేపు నడిచాక అదే సరుకును తిమోతి ఇంకోసారి చూసి, "ఇప్పుడు కుదురుకుంటాంది, పోనీలే" అనేవాడు.

ఒకరోజు పంపు ఆగి ఉంది. రేణుక హడావుడిలో ముందురోజు పాసైన పొడి పళ్ళేన్నే పొరపాటున మళ్ళీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. తిమోతి పళ్ళెం వైపు చూడనే లేదు. కిటికీ వైపు చెవి పెట్టాడు. గోడ అవతల ఎల్లమ్మ దగ్గుతోంది. మెడ వంచి, కన్ను మూసి, "కుదర్లేదు" అన్నాడు.

రేణుక పళ్ళెం మీద చీటీ చూసుకుంది. "ఇది నిన్న నువ్వే పాస్ చేసినావు చిన్నాయనా."

తిమోతి రెండో కన్ను కూడా తెరిచాడు. "నిన్న పంపు నడిచింది."

"నిన్న ఎల్లమ్మ దగ్గలేదు."

ఆయన కాసేపు పొడిని వేలితో అటూ ఇటూ నెట్టాడు. "తలుపు వెయ్యి పాపా" అన్నాడు.

తలుపు వేసి రేణుక అడిగింది: "ఆమెకు పొగ పడదని సార్‌కు తిన్నగా చెప్పొచ్చు కదా?"

"చెప్పినా. బోర్డు పెట్టించినాడు."

నిజమే. గేటు దగ్గర 'పర్యావరణాన్ని కాపాడుదాం' అని పెద్ద బోర్డు ఉంది, పైన నెమలి బొమ్మ.

"ఆ నెమలి కూడా కుదర్లేదు" అని తిమోతి గొణిగాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "ఈ షెడ్డులోనే ఇద్దరం పలకలు కోసినాం. నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఆమెకు గాలాడని మూల దొరికింది. అంతే తేడా."

మంచి మాటలకు కదలని పంపు రంగు పోతుందన్న భయానికి కదిలింది. ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఇందులోంచి ఏం నేర్చుకుంటారో గానీ, రేణుక నోరు మూసుకోవడం నేర్చుకుంది.

అయితే ఎక్కువ కాలం మూసుకోవడం కుదరలేదు. హైదరాబాదు వెళ్ళొచ్చిన ఆనంద్ బాబు తిన్నగా ల్యాబుకే వచ్చాడు. తిమోతి అక్కడే ఉన్నాడు.

"రేణుకా, ఒక రంగుల వ్యాపారి నన్ను చూసి నవ్వినాడు. పంపుకూ రంగుకూ ఏం సంబంధం లేదంట. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. సంబంధం లేదంటే ఇయ్యాల్టి నుంచి పొల్యూషన్ ఆఫీసర్లు వచ్చినప్పుడే పంపు వేద్దాం."

తిమోతి ఖాళీ పళ్ళేన్ని శ్రద్ధగా తుడుస్తున్నాడు. రేణుకకు కెమిస్ట్రీలో ఏనాడూ తప్పు జవాబు రాసే అలవాటు లేదు. ఇప్పుడు ఒప్పు జవాబు చెబితే గోడ అవతల ఒక మనిషికి ఊపిరాడదు.

"పంపు ఆగినప్పుడు సరుకు పాసవడం నేనింతవరకు చూడలేదు సార్" అంది.

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"పంపు నడిచినప్పుడో?"

"ఫెయిలవడం చూడలేదు సార్."

ఆనంద్ బాబు గడ్డం గోక్కున్నాడు. "ఆ వ్యాపారి నన్ను ముంచాలని చూసినాడు. ఇంత రంగు ఒక్క పంపు మీద ఆధారపడి ఉంటే, అది చెడిపోతే నా గతేంది? ఇంకోటి తెప్పిస్తా."

ఆయన వెళ్ళాక తిమోతి రేణుక వైపు చూసి, "నీ చదువు పనికొచ్చింది పాపా" అన్నాడు. ఏ చదువో చెప్పలేదు.

రెండో పంపు వచ్చింది. ఒకటి అలసిపోతే ఇంకొకటి, బట్టీ మండినంతసేపూ ఆగకుండా జల్లు. కొన్నాళ్ళకు ఎల్లమ్మ టీ గరిటె చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి తిమోతిని బయటికి పిలిపించింది. వెనకే రేణుక కూడా వచ్చింది.

"ఏమబ్బా తిమోతీ, ఒక దయ్యం చాలదని రెండో దయ్యాన్ని తెచ్చినారంట. నువ్వే పెట్టించినావని సార్ చెప్పినాడు. రేయీ పగలూ గుయ్యిమని ఒకటే మోత. టీవీలో సీరియల్ మాట ఒక్కటి ఇనపడదు. నా దుకాణం ముందు కూసోని నాలుగు మాటలు చెప్పుకునే మనుషులు చెవులు మూసుకోని లేచిపోతాండారు. పలకల కాడి నుంచి చూస్తాండా, నేను నెమ్మదిగా ఉంటే నీకు నిద్ర పట్టదు. నీకేం పోయేకాలం, నీకేం తక్కువ చేసినా నేను..."

రేణుకకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఎల్లమ్మ అంత పొడుగు తిట్టును ఎక్కడా తెగకుండా తిడుతోంది. మధ్యలో ఒక్క దగ్గు లేదు.

తిమోతి చేతులు కట్టుకుని, ఆదివారం ప్రసంగం దగ్గర కూడా ఎన్నడూ లేనంత శ్రద్ధగా వింటున్నాడు. ఆమె ఆగగానే, "అయిపోయిందా అక్కా?" అని అడిగాడు.

"యాడ అయిపోయింది" అంటూ ఎల్లమ్మ ఛాతి నిండా గాలి పీల్చుకుని, మళ్ళీ మొదటినుంచి అందుకుంది.