పిన్నీసు పట్టుకున్న కుట్టు

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, మా పక్కింటి ఆంటీ తన పైటకు పెట్టుకున్న పిన్నీసు తీసి, మా అమ్మ సగంలో వదిలి వెళ్ళిన లేసులో గుచ్చింది. గుచ్చి, మూసి, వేలితో నొక్కి చూసుకుంది. ఆ తరవాత నేను ఇంటికి వెళ్ళేదాకా ఆమె పైట జారుతూనే ఉంది, ఆమె ఎగదోసుకుంటూనే ఉంది. ఇంట్లో ఇంకో పిన్నీసు లేక కాదు. వెతికేంత వ్యవధి లేదని ఆమెకు అనిపించింది, అంతే.

అప్పుడు మేము దేశం దాటి వచ్చి, తంజోంగ్ పగార్ అనే రేవు పేటలో ఉండేవాళ్ళం. నాన్న పోర్టులో గుమాస్తా. అమ్మది నరసాపురం వైపు. అక్కడి ఆడవాళ్ళలాగే తనూ కాస్త ఖాళీ దొరికితే లేసు ముందేసుకునేది. సన్నటి తెల్ల నూలు, కొనకు కొక్కెం ఉన్న ఒకే ఒక్క ఉక్కు సూది. ఏం చేస్తున్నావని అడిగితే "అల్లిక" అనేది. రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్తూ, చేతిలో ఉన్న పనిని సూదితో సహా ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి బీరువా మీద ఉంచింది. నాకు బడి పోతుందని నన్ను తీసుకెళ్ళలేదు.

నాన్నవి షిఫ్టు డ్యూటీలు. బడి నుంచి వచ్చి తాళం నేనే తీసుకునేదాన్ని. కింద పిల్లలు నాకు సగమే అర్థమయ్యే భాషల్లో కేకలేసుకుంటూ ఆడుకునేవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట కావాలంటే నాతో నేనే మాట్లాడుకోవాలి. ఆ రోజుల్లోనే నాకు నేను ఒక షరతు పెట్టుకున్నాను. అమ్మ వదిలిన పని నేను పూర్తి చేస్తే అమ్మ వచ్చేస్తుంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి ఆంటీ వాళ్ళది హైదరాబాద్. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఆమె కూడా ఎప్పుడూ అల్లుతూ ఉండేది. ఒళ్ళో ఉన్ని ఉండ, చేతుల్లో రెండు పొడుగాటి సూదులు. ఊళ్ళో ఉన్న చెల్లెలి పిల్లలకు చలికాలం స్వెట్టర్లు. చెమట ఆరని ఈ దేశంలో ఆ ఉన్నిని చూసి నాన్న నవ్వేవాడు, ఇక్కడ స్వెట్టరు తొడిగేది ఫ్రిజ్‌లో కూరగాయలకా అని. "నవ్వుండ్రి అన్నా, ఒకనాడు మీకే అల్లి తొడుగుతా" అనేది ఆమె, సూదుల మీంచి తలెత్తకుండానే.

నేను వెళ్ళి అల్లిక నేర్పమని అడిగాను. అమ్మ పనికీ ఆమె పనికీ మన భాషలో ఉన్నది ఆ ఒక్క మాటే. అందుకే నేను అడిగిందీ తప్పు కాదు, ఆమె నేర్పిందీ తప్పు కాదు. పాత సూదులు రెండు, మిగిలిన ఉన్ని ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. ఎన్నో మధ్యాహ్నాలు అలా గడిచాయి. నా సూది మీంచి కుట్టు జారి కిందికి నిచ్చెనలా విడిపోతే, విసుక్కోకుండా ఒక్కో మెట్టే ఎక్కించి మళ్ళీ సూది మీదికి తెచ్చేది. వంకరటింకరగానైనా ఒక పట్టీ పూర్తయింది. ఇక నాకు వచ్చేసిందనుకున్నాను.

ఆ రోజు బడి నుంచి రాగానే ఆంటీ మెట్ల దగ్గరే నన్ను పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళింది. అన్నం పెట్టింది. అది తిన్నాక సేమ్యా పెట్టింది. ఇంటికి వెళ్తానంటే కూర్చోమంది. పుస్తకం తెచ్చుకుంటానని చెప్పి వెళ్ళి, బీరువా మీది డబ్బా దించాను. అమ్మ లేసులోకి నా రెండు సూదులు ఎక్కించాలని చూశాను. ఎక్కించడానికి అందులో కుట్లే దొరకలేదు. ఆ తిప్పడంలో అమ్మ సూది జారిపోయింది. నూలు నా వేలికి చిక్కుకుని లాగింది. అంచున ఉన్న పువ్వు రెక్క ఒకటి చప్పుడు లేకుండా మాయమైంది. లేసును రెండు చేతుల్లో పెట్టుకుని ఆంటీ దగ్గరికి పరుగెత్తాను.

ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "గిది నా అల్లిక కాదు బిడ్డా. నాకు రాదు" అంది.

తరవాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించింది. తన దాంట్లో వరస వరసంతా కుట్లు సూది మీద తెరుచుకునే ఉంటాయి. ఒకటి జారితే దాని దారిలో అదే జారుతుంది, పక్కవి నిలబడతాయి. అమ్మ దాంట్లో ఏ కుట్టుకా కుట్టు ముగిసిపోతుంది. చివరిదొక్కటే తెరిచి ఉంటుంది. మొత్తం పనిని పట్టుకుని ఉన్నది ఆ ఒక్కటే. అది పోయి నూలు లాగితే, వచ్చిన దారినే అన్నీ వెళ్ళిపోతాయి.

ఎవరినైనా అడిగి నేర్చుకుని మీరే పూర్తి చేయండని ఏడ్చాను. నా షరతు కూడా అప్పుడే చెప్పేశాను. ఆమె లేసు మీంచి తలెత్తలేదు. తను ముట్టుకుంటే అది తన చెయ్యి అయిపోతుందని, మా అమ్మ చెయ్యి అందులో ఉండదని చెప్పింది. అప్పుడు పైట మీది పిన్నీసు తీసి ఆ ఒక్క కుట్టులో గుచ్చింది.

అమ్మ వచ్చేదాకా ఆగుతుందా అని అడిగాను.

"గుంజకుంటే ఆగుతది బిడ్డా. ఎన్ని దినాలైనా ఆగుతది."

డ్యూటీలో ఉండాల్సిన నాన్న ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నాడు. అమ్మా, పుట్టిన బిడ్డా ఇద్దరూ దక్కలేదని చెప్పాడు. కబురు పొద్దున్నే వచ్చిందట. నాన్న ఆంటీకి చెప్పి, తను వచ్చేదాకా నన్ను ఇంట్లో ఒంటరిగా ఉండనివ్వొద్దని అడిగాడట.

అంటే పిన్నీసు గుచ్చేటప్పటికే ఆమెకు తెలుసు. అమ్మ వస్తుందని ఆమె అనలేదు, రాదనీ అనలేదు. నూలు సంగతి వరకే జవాబిచ్చి, మిగతాది చెప్పవలసిన మనిషికి వదిలింది. ఇన్నేళ్ళుగా నాకు పనికొచ్చింది అదే. ఎదుటివాళ్ళ దుఃఖం దగ్గర నాకు రాని పని వచ్చినట్టు చేయను. ఒక పిన్నీసు పెట్టగలనా అని మాత్రం చూస్తాను.

ఇప్పుడు ఇదే ఊళ్ళో, క్లెమెంటీ వైపు ఉంటున్నాను. వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో పనిచేసే మా అమ్మాయి అక్కడి ఏసీకి గడ్డకట్టుకుపోతుంది. దానికి స్వెట్టర్లు నేనే అల్లుతాను, ఆంటీ నేర్పినట్టే. లేసు మాత్రం నేర్చుకోలేదు. "వీడియో చూసి నేను ఫినిష్ చేస్తా లా, అమ్మమ్మా" అంటుంది మనవరాలు, ఈ ఊరివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా. వద్దంటాను. ఈ ఊరి తేమకు పాత పిన్నీసు తుప్పు పట్టి నూలు మీద మరక వేస్తే, ఒకసారి మార్చాను. మార్చే ఆ కాసేపు అమ్మ చివరి కుట్టు ఏ ఆధారమూ లేకుండా నా వేళ్ళ మధ్య ఉంది.

అరచేతి వెడల్పున, గుండ్రంగా ఉంటుంది ఆ లేసు. వెళ్ళేముందు అమ్మ నాకొక చేతిసంచి అల్లుతానని మాటిచ్చింది. పుట్టబోయే బిడ్డకు టోపీ అల్లుతానని నాన్నతో అంది. లేసు తెలిసినవాళ్ళను అడిగితే, రెండూ ఇలాగే గుండ్రంగా మొదలవుతాయట. ఇక్కడిదాకా చూసి, అది ఎవరి కోసమో చెప్పడం ఎవరి వల్లా కాదట.