సత్యవేణి రాసిన మొదటి ప్రశ్న

అనకాపల్లి చుట్టుపక్కల మండలాల్లో సత్యవేణి ఎక్కని గుమ్మం తక్కువ. మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా అని అడిగింది. గ్యాస్ బండ ఎన్నాళ్ళొస్తోందని అడిగింది. ఏ పేస్టుతో పళ్ళు తోముకుంటారు, పిల్లలకు నులిపురుగుల మాత్ర వేయించారా, ఈసారి ఓటెవరికి అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా ఆమె పని అడగడమే. ఏ సంస్థ సర్వే చేసినా కాగితాల కట్ట ఆమె చంకలోకే వచ్చేది.

అయితే ఆ ఇరవై ఏళ్ళలో ఆమె అడిగిన ప్రశ్నల్లో ఒక్కటీ ఆమెది కాదు. ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని ఎవరో రాస్తారు. ఎండలో నిలబడి ఈమె అడుగుతుంది. ప్రశ్న తిక్కదైతే తిట్లు రాసినవాడికి పోవు. ఒకసారి "ఇంటి నిర్ణయాల్లో మీ వాటా ఎంత శాతం?" అని ఒక ముసలామెను అడగాల్సి వచ్చింది. ఆమె చేట పక్కన పెట్టి, "నీకెంత శాతముందో ముందు నువ్వు సెప్పు, తరవాత నేను సెప్తాను" అంది. సత్యవేణి యాభై అని రాసుకుని వచ్చేసింది. ఆ యాభై ఏ నివేదికలో ఏ గ్రాఫుకు ఆధారమైందో ఎవరికీ తెలీదు. దాన్ని చదివినవాళ్ళు తల కూడా ఊపి ఉంటారు.

ఆమె పుట్టింది కె. కోటపాడు మండలంలో, చెరకు పండించే ఊళ్ళో. పదో తరగతి పాసయింది. కాలేజీకి పంపాల్సిన వయసులో చెరకు తోటలోకి పంపారు. పెళ్ళయ్యాక అనకాపల్లి వచ్చింది. భర్త నానాజీ బెల్లం మార్కెట్‌లో బరువులు మోసే కళాసీ. సర్వే నుంచి బస్సులో తిరిగొస్తూ ఆమె ఆ రోజు అడిగిన ప్రశ్నల్ని మనసులోనే తిరగరాసుకునేది. ఇది ఇలా అడిగి ఉంటే ఆ మనిషి నోరు విప్పేది కదా అనుకునేది. ఆ రాతంతా బస్సు దిగగానే పోయేది.

ఈ ఏడాది జూలైలో విశాఖపట్నం నుంచి ఒక పరిశోధన సంస్థ వచ్చింది. వాతావరణం మారుతోంది కదా, దానికి జనం తమంతట తాము ఏం చేస్తున్నారు అన్నది వాళ్ళ అధ్యయనం. టిక్కులు పెట్టే ఫారం కాదు, అరవై మందితో తీరిగ్గా కూర్చుని మాట్లాడాలి. కోటపాడు వైపు చెరకు రైతులు ఇరవై మంది, రోలుగుంట కొండల్లో ఇరవై మంది, రాజయ్యపేటలో మత్స్యకారులు ఇరవై మంది. దాన్ని నడిపే మనిషి డాక్టర్ సుప్రియ. మెల్లగా మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళు చెప్పింది వింటుంది, ఆ చదువుకు అది కాస్త వింతే. ఆమె కింద సమన్వయకర్త త్రినాధరావు. వినడం ఆయన పని కాదు.

రింగు రోడ్డులో అద్దెకు తీసుకున్న గదిలో ప్రణాళిక సమావేశం పెట్టారు. సత్యవేణికి ఇచ్చిన పని మనుషుల్ని పోగుచేయడం. త్రినాధరావు మొదటి ప్రశ్న చదివాడు: "వాతావరణ మార్పును ఎదుర్కొనేందుకు మీరు ఇప్పటివరకు తీసుకున్న చర్యలు ఏమిటి?"

"ఇలాగ అడిగితే ఏటీ రాదు సారూ" అంది సత్యవేణి వెనక కుర్చీలోంచి.

"నువ్వు మనుషుల్ని తీసుకురామ్మా. ప్రశ్నల సంగతి మేం చూసుకుంటాం."

సుప్రియ తల తిప్పింది. "ఎలా అడిగితే వస్తుందంటారు?"

"ఆలోసించి సెప్తాను మేడం" అంది సత్యవేణి. గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పీజీలు చేసిన పిల్లలు, నవ్వడం కూడా అక్కడే నేర్చుకుని ఉంటారు.

సుప్రియ నవ్వలేదు. "ఇవాళ్టి నుంచి నాలుగో రోజు సాయంత్రానికి ప్రశ్నలు ఖాయం చేసేయాలి. ఆలోగా మీ దగ్గర ప్రశ్న ఉంటే తీసుకురండి. జనం దగ్గర పరీక్షిద్దాం. పనిచేస్తే పెడదాం, లేకపోతే ఇదే ఉంటుంది" అంది.

ఆ మాట సత్యవేణికి అన్నం తింటున్నా వదల్లేదు. ఇరవై ఏళ్ళకు ఒక్క ప్రశ్న. నానాజీతో చెప్తే, "ఇన్నాళ్ళూ నన్నడిగిన ప్రశ్నలన్నీ ఎవులివి మరి? అవి రాసియ్యి, ఎవుడైనా దడిసిపోతాడు" అన్నాడు.

రెండో రోజు పొద్దున్న ఆమె పుట్టిన ఊళ్ళోనే నమూనా ఇంటర్వ్యూలు. త్రినాధరావు ముందురోజే ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టించాడు: వానలు, గాలుల వల్ల రైతుల పరిస్థితి తెలుసుకోవడానికి బృందం వస్తోంది, అందుబాటులో ఉండవలెను. చదువుకున్న మనిషి చేసే తప్పు అది. వానలు, గాలులు, బృందం అనే మూడు మాటలు ఒకచోట కనిపిస్తే ఆ ఊరికి తెలిసిన అర్థం ఒక్కటే, పంట నష్టం రాయడానికొస్తున్నారని.

వీళ్ళ కారు ఆగేసరికి నలభై మంది వరసలో నిలబడి ఉన్నారు. ప్రతి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జెరాక్సు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, కొందరి దగ్గర పాస్‌పోర్టు ఫోటో కూడా. ముందు సత్తియ్య కూర్చున్నాడు. అరవై ఏళ్ళ రైతు, సత్యవేణికి వరసకు మామ. త్రినాధరావు ప్రశ్న చదివాడు.

"సర్యలా? ఏటీ నేదు బాబూ. ఏటి సేత్తాం. అంతా పోయింది" అన్నాడు సత్తియ్య.

ఆయన వెనకాలే ఆయన తోట నిలువెత్తున, పచ్చగా, గాలికి ఊగుతోంది.

పన్నెండు మందిని అడిగారు. పన్నెండు మందీ ఏమీ చెయ్యలేదన్నారు, అంతా పోయిందన్నారు, జెరాక్సు తీసుకోమన్నారు. తొమ్మిది దాటాక కారెక్కుతూ త్రినాధరావు, "ఇక్కడ అడాప్టేషన్, సర్దుబాటు, ఏమీ లేదు మేడం. ఈ మండలం తీసేసి వేరేది చూసుకోవచ్చు" అన్నాడు. ఒక ఊరి బతుకంతా పూట తిరక్కుండానే కొట్టేశాడు.

సత్యవేణి కారెక్కలేదు. సత్తియ్య దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఏటి మామా, కళ్ళముందు తోట పెట్టుకుని అంతా పోయిందంటావు?"

"ఓలమ్మా, ఏదో సేసుకున్నామంటే నష్టం తగ్గించి రాసెయ్యరేటి? ఇన్నేళ్ళు కాయితాలు మోసేవు, ఆ మాత్రం తెలీదా నీకు?"

"ఇది నష్టం రాయడానికి కాదు మామా."

"అయితే మరి దేనికి?"

"మీరేటి సేసేరో తెలుసుకోడానికి."

సత్తియ్య ఆమె వైపు జాలిగా చూశాడు. "దానికి కార్లెందుకు? తోటలోకెళ్తే కనపడదా?"

ఆమె తోటలోకే వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళు జడచుట్టు వేస్తున్నారు. చెరకు గాలికి పడిపోకుండా కింది ఆకుల్ని జడలా మెలేసి, నాలుగైదు గడల్ని కలిపి కట్టే పని అది. ఆ ఆడవాళ్ళ జట్టుకు పెద్ద చిన్నమ్మలు. ఇందాకటి వరసలో ఆమె లేదు. ఆమె పేరున భూమి లేదు కాబట్టి ఆమెను ఎవరూ పిలవలేదు. సత్యవేణి ఒకప్పుడు ఆమె పక్క వరసలోనే జడలు వేసింది. తోట వంక చూస్తూ నిలబడిపోయింది. ఇది ఆషాఢం. తన చిన్నప్పుడు ఆషాఢంలో జడచుట్టు వేసిన గుర్తే లేదు.

మూడో రోజు తెల్లారగానే సుప్రియను అక్కడికి తీసుకొచ్చింది. కాగితాలు వద్దంది. చెరకు ఆకు చేతులు కోస్తుందని నానాజీ పొడుగుచేతుల చొక్కా ఇచ్చి వేసుకోమంది. చిన్నమ్మలు చూసి, "ఏటి మరదలా, మీ ఆయన చొక్కా అద్దెకిత్తన్నావా?" అంది. తోటంతా నవ్వు.

సత్యవేణి ఎందుకొచ్చారో ఉన్నదున్నట్టు చెప్పింది. నష్టం డబ్బులు రావని ముందే చెప్పింది. మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని అడిగింది. చిన్నమ్మలు కొంగు దులుపుకుని, "సేసుకో, బూతులుంటే నువ్వే తీసెయ్యి" అంది. సత్యవేణి కూడా వరసలోకి దిగింది. ఒక జడ మెలేసి, రెండోది అందుకుంటూ అడిగింది:

"వదినా, మీ అత్త సేసినట్టు నువ్విప్పుడు సెయ్యనిదేటి?"

చిన్నమ్మలు చేతులు ఆగలేదు. "ఏటి సేత్తన్నానే ఆవిడలాగ? ఆవిడ శ్రావణంలో ఒకటి, భాద్రపదంలో ఒకటి, రెండు సుట్లేసి ఊరుకునీది. ఇప్పుడు గాలికి ఏళాపాళా నేదు. ఆషాఢంలోనే మొదలెట్టి మూడేత్తన్నాం. మూడోది మా జట్టే పెట్టింది. ముందు ఆసాములు ఒప్పుకోలేదు. మా సుట్లేసిన తోట నిలబడి పక్క తోట పడిపోయేక ఒప్పుకున్నారు."

"ఇంకా?"

"ఆవిడ పొద్దెక్కేక వచ్చి సాయంత్రం దాకా సేసీది. ఇప్పుడలా సేత్తే ఎండకి పీనుగులు లేత్తాయి. అయిదుకి దిగుతాం, పదికి లేసిపోతాం. అదీ మేవే అడిగి పెట్టించుకున్నాం. పల్లపు సెక్కలో చెరుకు మానేసి సరుగుడు ఎయ్యమని నేనే సెప్పేను." ఆమె ఒక్కసారి ఆగి సుప్రియను చూసింది. "ఏటి, ఈయమ్మ అలాగైపోయింది?"

సుప్రియ చేతిలో సగం మెలేసిన జడ అలాగే ఉంది. "నిన్న ఇవన్నీ ఎందుకు చెప్పలేదు ఎవరూ?" అంది.

"నిన్న మీరు పని గురించడగలేదు కదమ్మా. సర్యలడిగేరు."

పది గంటలకు జట్టు లేచే వేళకు గంటన్నర రికార్డయింది. సుప్రియ మణికట్ల మీద ఆకు గీతలు. సత్యవేణికి మాత్రం లోపల ఏదో పొంగుతోంది. దాన్ని బయట పెట్టలేదు. ఇంకా ఒక మనిషి ఒప్పుకోవాలి.

త్రినాధరావు అనుకున్నట్టే ఒప్పుకోలేదు. "ఆమెకు చెరకు తెలుసు, వాళ్ళు ఆమె బంధువులు, అందుకే మాట్లాడారు. కొండ మీద జడచుట్టు లేదుగా. అక్కడా ఇదే ప్రశ్న పనిచేస్తే చూద్దాం" అన్నాడు. నిజానికి ఆ వారంలో ఆయన అన్న తెలివైన మాట అదొక్కటే. సత్యవేణికి కూడా అది సబబుగానే తోచింది. "రేపు మీరే రండి సారూ. ముందుగా మెసేజీ పెట్టకండి" అంది.

నాలుగో రోజు ఆఖరి రోజు. రోలుగుంట దాటి కొండ మొదట్లో సోమాలమ్మ మెట్ట చేను. చోళ్ళు, అదే రాగులు, వేసుకునే మనిషి. సత్యవేణిని అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. సంగతి చెప్పి, ఆమె ఒప్పుకున్నాక, సత్యవేణి అడిగింది: "మీ యమ్మ సేసినట్టు నువ్విప్పుడు సెయ్యనిదేటమ్మా?"

"అన్నీ మా యమ్మ సేసినట్టే" అంది సోమాలమ్మ.

త్రినాధరావు ముఖం వికసించింది. తర్వాతి ప్రశ్నకు నోరు తెరిచాడు. సత్యవేణి ఆయన వైపు చూడకుండానే అరచెయ్యి చూపించి ఆపింది. ఇరవై ఏళ్ళ గుమ్మాల మీద ఆమె నేర్చుకున్నది ఊరుకోవడం. ఎదుటి మనిషి తన మాట తానే ఒకసారి తూచుకునేదాకా ఊరుకోవడం. పక్కనున్న గొర్రు మీద కాకి వాలింది, లేచిపోయింది. సోమాలమ్మ చేను వైపు చూసింది.

"ఇత్తనాలు తప్ప" అంది.

"ఇత్తనాలకేటయింది?"

"మా యమ్మ మొదటి వానకి మొత్తం జల్లేసీది. ఇప్పుడు మొదటి వాన అబద్ధాలాడతంది. వచ్చినట్టు వచ్చి ఎళ్ళిపోతంది. అందుకే సగమే జల్లుతాను. సగం కుండలో ఉంచి, రెండో వాన సూసి జల్లుతాను. రెండేళ్ళు ఆ సగమే మమ్మల్ని బతికించింది. ఇప్పుడీ సుట్టుపక్కలోళ్ళందరూ అలాగే సేత్తన్నారు."

ఇంకా చెప్పింది. ఏ గింజ మానేసింది, ఏ గింజ మళ్ళీ వెతికి తెచ్చుకుంది, నీళ్ళకు ఎక్కడ గట్టు వేసింది. సత్యవేణి పక్కకు చూసేసరికి త్రినాధరావు రాస్తున్నాడు. కాగితం నిండి, ఫైలు అట్ట మీద రాస్తున్నాడు.

కారు కొండ దిగి వస్తుండగానే రాజయ్యపేట నుంచి ఫోను. అక్కడికి వెళ్ళిన ధనశ్రీ, పీజీ పిల్ల, మొదటి సమావేశంలో నవ్వినవాళ్ళలో ఒకతి. "ఆంటీ, మత్స్యరాజు గారిని వాళ్ళ నాన్నలాగ చెయ్యనిదేంటని అడిగేను. రెండు గంటలైంది, ఇంకా చెప్తన్నారు. ఎలా ఆపాలి?"

"ఆపకు. టీ తాగించు" అంది సత్యవేణి.

సాయంత్రం రింగు రోడ్డు గదిలో అందరూ కూర్చున్నారు. ప్రశ్నలు ఖాయమయ్యాయి. త్రినాధరావే టైపు చేయించి, అరవై కాపీలు తీయించి తెచ్చాడు. మొదటి ప్రశ్న స్థానంలో 'చర్యలు' లేవు. "పనిలో మీ నాన్న చేసినట్టు మీరిప్పుడు చెయ్యనిదేమిటి?" అని ఉంది. కింద అధ్యయన ప్రణాళిక రూపొందించినవారి పేర్లు. సుప్రియ పేరు తర్వాత సత్యవేణి పేరు, ఆ తర్వాత త్రినాధరావు.

అందరూ ఆమె వైపు చూస్తున్నారు. ఆమె కాగితం దూరంగా పట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది. పేరు దగ్గర ఆగుతుందనుకున్నారు. ప్రశ్న దగ్గరే ఆగింది.

"నాన్న ఒక్కడే ఉన్నాడు. అమ్మా అత్తా ఏరి?"

"అందరూ వస్తారు కదమ్మా అందులో" అన్నాడు త్రినాధరావు. "అరవై కాపీలు అయిపోయాయి."

"రారు సారూ. నాన్నంటే మగోళ్ళే సెప్తారు. మూడో సుట్టు పెట్టింది మగోళ్ళు కాదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. సుప్రియ పెన్ను తీసి ఆమె చేతికిచ్చింది. సత్యవేణి 'మీ నాన్న' ముందు 'మీ అమ్మ, మీ అత్త' అని గుండ్రటి పదో తరగతి అక్షరాలతో రాసింది. 'చెయ్యనిదేమిటి' కొట్టేసి 'చెయ్యనిదేటి' అని దిద్దింది. ఎనిమిది మంది పీజీ పిల్లలు తమ కాగితాల మీద అలాగే దిద్దుకున్నారు.

"మళ్ళీ ప్రింట్ తీయించండి త్రినాధరావు గారూ" అంది సుప్రియ.

ఆయన కట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. సత్యవేణి మొదటిసారి ముందు కుర్చీలో కూర్చుని, "రేపు పొద్దున్న అయిదింటికి, పొడుగు చేతుల చొక్కాలేసుకుని రండి" అని ఆ పిల్లలకు చెప్పింది.