ఆఖరున తినే మనిషి

అందరూ తిని లేచాక గిన్నె అడుగున గరిటె గీరుకున్నప్పుడల్లా నాకు పక్కింటి పిన్ని గుర్తొస్తుంది.

నరసరావుపేటలో మా పక్కింటి పిన్ని నవలలు రాసేది. డిటెక్టివ్ నవలలు, దయ్యాల నవలలు, ప్రేమ నవలలు, చివరికి మిర్చి రైతుల మీద కూడా ఒకటి రాసింది. అద్దె పుస్తకాల కొట్టులో ఒక అరంతా ఆమెవే. అమ్మ తెచ్చుకున్నవన్నీ నేను దొంగచాటుగా చదివేదాన్ని. కథ ఏదైనా సరే, ఇంట్లోవాళ్లంతా తిన్నాక వంటింట్లో ఒంటరిగా తినే ఆడమనిషి ఒకతె తప్పకుండా ఉండేది. నాకు అనుమానం పట్టుకుంది. ఆవిడ అందరితో కలిసి ఎందుకు తినదు? అన్నంలో ఏదో కలిపే ఉంటుంది. మా అమ్మ కూడా ఆఖరునే తింటుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఒక ఆదివారం పిన్ని నన్ను వాళ్లింట్లో భోజనానికి కూర్చోబెట్టింది. బాబాయి, అన్నలు తింటున్నారు. పిన్ని మాత్రం గరిటె పట్టుకుని నిలబడే ఉంది. నేను కంచం వెనక్కి నెట్టాను.

"ఏందే, గోంగూర పప్పు తినవా?"

"ముందు నువ్వు తిను పిన్నీ. నువ్వు తింటేనే నేను తింటా."

బాబాయి నవ్వాడు. పిన్ని నవ్వలేదు. నావైపు కాసేపు చూసి, కంచం తెచ్చుకుని పక్కన కూర్చుంది. పొగలు కక్కే అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను రెప్పవేయకుండా చూశాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అనుకున్నంతా అయింది.

"ఏమైంది పిన్నీ?"

"ఏం లేదులే. అన్నం చానా వేడిగా ఉంది."

ఆ రోజు నా అనుమానం తీరలేదు. నా వంటింట్లో చల్లారిన అన్నం కలుపుకోవడం అలవాటయ్యాకే తీరింది.