పోలీసు అడగని మాట

కల్యాణమండపం కిటికీలకు నల్లగుడ్డ కట్టి మిట్టమధ్యాహ్నాన్నే చీకటి చేశారు. తెర మీద ఇన్‌స్పెక్టరు ఎవరినో గద్దించాడు. మాట చివర సాగే ఆ హాంకాంగ్ యాస చెవిన పడగానే సత్యవతి పిన్నిగారు పక్కన కూర్చున్నట్టయింది. తిరిగి చూశాను కూడా. ఖాళీ కుర్చీ.

అమలాపురంలో బట్టల కొట్లో పని నాది. గదిలో ఒక్కదాన్నే ఉంటాను. ఫిల్మ్ ఫెస్టివల్ పోస్టరు మీద, పిన్నిగారి సినిమా సీడీ అట్ట మీదున్న బొమ్మే కనిపించేసరికి యజమానిని బతిమాలుకుని వచ్చేశాను.

ఉప్పలగుప్తంలో ఆవిడది మా పక్కిల్లు. అందరూ కువైట్ వెళ్తుంటే ఆవిడ హాంకాంగ్ వెళ్లి, ఒక ముసలామెకు ఏళ్ల తరబడి వండిపెట్టి, అక్కడి కాంటనీస్ భాష నేర్చుకున్నారు. ముసలామె పోయాక తిరిగొచ్చేశారు. ఇక్కడ ఆ భాషలో పలకరించేవాళ్లెవరు? అందుకే ఆ సీడీ పెట్టుకుని, తోడుకు నన్ను పిలిచి, ప్రతి మాటా తెలుగులో చెప్పేవారు.

"'తుపాకీ కింద పెట్టండి బాబూ, దెబ్బ తగులుతాది' అంటన్నాడే పోలీసు."

"దొంగని పట్టుకుని అండీ ఏంటండీ పిన్నిగారూ!"

"పరాయోడు కదే, మర్యాద ఉండొద్దా? అదిగో, వాడు కూడా 'ఆయ్, అలాగేనండీ' అన్నాడు, చూసేవా?"

నవ్వలేక చచ్చేదాన్ని. కానీ పట్టుబడ్డ దొంగా, పోలీసూ వానలో జీపులో వెళ్లే చోట ఆవిడ గొంతు దిగిపోయేది.

"'అన్నం తిన్నావా? ఇంటి దగ్గర ఎవరున్నారు నీకు?' అని అడుగుతున్నాడే, పాపం."

అక్కడ అండీ ఉండేది కాదు. నేను టీవీ వదిలేసి ఆవిడ మొహమే చూసేదాన్ని.

పోయినేడు పిన్నిగారు పోయారు. ఆ మాట మళ్లీ ఒక్కసారి వినాలనే ఇవాళ వచ్చాను. తెర కింద పరిగెత్తే ఇంగ్లీషు నాకు అందదు. అందకపోతేనేం, జీపులో ఏమంటారో నాకు తెలుసుగా!

జీపు వచ్చింది. వాన. ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. పెదవులు కదల్లేదు. కింద అక్షరాలూ లేవు. స్టేషను ముందు జీపు ఆగేదాకా ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ ప్రశ్న సినిమాలో లేనే లేదు. పిన్నిగారి దగ్గరే ఉండేది, ఇప్పుడు నా దగ్గరుంది.

ఖాళీ కుర్చీ వైపు వంగి మెల్లగా అన్నాను:

"ఇంకా తినలేదండీ పిన్నిగారూ. గదిలో నేనొక్కదాన్నే."