నందిగామ నుంచి వచ్చిన డాక్టరమ్మ

జగ్గయ్యపేటలో పిల్లల డాక్టరు గారి దగ్గర నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా నర్సుని. పెద్దవాళ్ళు నన్ను సిస్టరమ్మా అని ఆప్యాయంగా పిలుస్తారు. పిల్లలు మాత్రం నన్ను చూడగానే తల్లి కొంగు చాటుకి వెళతారు. టీకాలు వేసేది నేనే కదా.

డెబ్బై దాటిన ఏడాది సార్ ఒక ఉదయం స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ, "ఇంక ఎవరికైనా అప్పజెప్పాలమ్మా. చెవులు మొరాయిస్తున్నాయి," అన్నారు. పసిపిల్లల గుండె చప్పుడు వినడానికి ఆయన కళ్ళు మూసుకుని మునుపటికన్నా ఎక్కువసేపు వింటున్నారని నేనూ గమనిస్తూనే ఉన్నాను.

ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు. మొదటి అబ్బాయి విజయవాడ నుంచి వచ్చాడు. మంచివాడే. ల్యాబూ ఎక్స్‌రే పక్కనే లేకపోతే తనకి ధైర్యం చాలదని ఉన్నమాట చెప్పి, సార్‌కి దండం పెట్టి వెళ్ళిపోయాడు. రెండో ఆయన ఒప్పుకున్నాడు, గదులన్నీ తిరిగి చూశాడు, గోడలకి ఏ రంగు వేయించాలో కూడా చెప్పాడు. వారం తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికిందని ఫోన్ చేశాడు. ఆ తర్వాత సార్ ఆ ఊసు ఎత్తడం మానేశారు. నాకూ అడగాలనిపించలేదు. ఆయన మానేస్తే నేనూ ఇంటికే అనుకున్నాను.

అది మిరపకోతల కాలం. తల్లులు చేలల్లో ఉంటారు కాబట్టి పిల్లల్ని అమ్మమ్మలూ నానమ్మలూ తెస్తారు. ఆ రోజు హాలు నిండిపోయింది. నేను ఒక పాపని తూకం వేస్తుంటే, ఒకావిడ నా పక్కకి వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి, చంకలో ఏడాది దాటిన కూతురు.

"సిస్టర్, ఆ మూల పెద్దావిడ ఒళ్ళో బాబున్నాడే, వాణ్ణి ముందు లోపలికి పంపండి. డొక్కలెగరేస్తున్నాడు."

వెళ్ళి తువ్వాలు తీసి చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా బాబు పక్కటెముకల కింద గుంట పడుతోంది. పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చిన ఆ పెద్దావిడ, బిడ్డ నిద్రపోతున్నాడనుకుని కదలకుండా కూర్చుంది. అంతకుముందు నేను రెండుసార్లు వాళ్ళ ముందునుంచే నడిచినా గమనించలేదు. బాబుని ఎత్తుకుని గదిలోకి పరుగెత్తాను. సార్ చూసి నిమ్ము అన్నారు. ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో విజయవాడ పంపించాం. పదిరోజులకి వాడు మళ్ళీ మా హాల్లోకి వచ్చి నా కళ్ళజోడు లాగాడు.

ఆ రోజు నాకు బాబుని చూపించినావిడ టోకెన్ వచ్చేసరికి, ఆమె కూతుర్ని తూకం వేస్తూ అడిగాను. "మీరూ నర్సేనా అమ్మా?"

"కాదండి. పిల్లల డాక్టర్నే."

"మరి చెప్పలేదే? టోకెన్ తీసుకుని ఇంతసేపు కూర్చున్నారు."

"నా కూతురికి జ్వరమొస్తే నాకు చదువంతా మర్చిపోయినట్టే ఉంటుందండి. ఇంకొకరు చూసి ఏం లేదంటేగానీ నిమ్మళించను."

భర్త నందిగామ కాలేజీలో లెక్చరరట. సార్ పేరు విని అక్కణ్ణించి పాపని తీసుకొచ్చిందట. పాప కడుపులో ఉండగా మానేసిన ప్రాక్టీసు మళ్ళీ మొదలుపెట్టలేదట. నేను లోపలికి వెళ్ళి సార్‌తో చెప్పాను. పేషెంట్లుండగా సార్ కుర్చీలోంచి లేచి హాల్లోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు వచ్చారు.

పాపని చూసి, మామూలు జలుబేనని చెప్పి, ఆయన నేరుగా అడిగేశారు. "ఇక్కడికి వస్తావామ్మా?"

"రెండేళ్ళయింది సార్. చెయ్యి తిరుగుతుందో లేదో."

"తిరుగుతోందని ఇందాక మా సిస్టరమ్మ చూసింది కదా."

ఇంట్లో మాట్లాడి చెబుతానంది. మూడోరోజు పొద్దున నందిగామ బస్సు దిగి తిన్నగా వచ్చేసింది. దారిలో చిల్లకల్లు దాటాక వెనక్కి వెళ్ళిపోదామా అనిపించిందని తర్వాత నాతో చెప్పి నవ్వింది.

వారానికి మూడు రోజులన్నారు. మొదటి నెల ఆమె గది బోసిగా ఉండేది. "పెద్దసారే చూడాలండి, మేం ఆగుతాం," అనేవాళ్ళు తల్లులు. మేడమ్ బాధపడేది కాదు. నాతో కలిసి టీకా కార్డులు సర్దేది, ఏ ఊరివాళ్ళు ఏ బస్సుకి వస్తారో అడిగి తెలుసుకునేది.

ఒకరోజు కొత్తగా తల్లయిన పిల్ల అత్తగారితో వచ్చింది. పాలు చాలడం లేదు, డబ్బా పాలు రాయమంటోంది అత్తగారు. తల్లి తల ఎత్తడం లేదు. సార్ నావైపు చూసి, "మేడమ్ గదిలోకి పంపు," అన్నారు. మేడమ్ అత్తగారిని బయట కూర్చోమని తలుపు వేసుకుంది. అరగంటకి లోపల్నుంచి ఆ పిల్ల నవ్వు వినబడింది. అత్తగారు ఉండబట్టలేక, "ఏం చెబుతుందమ్మా అంతసేపు?" అని నన్ను అడిగింది. తలుపు తెరిచేసరికి బిడ్డ గుటకలు వేస్తూ పాలు తాగుతున్నాడు. ఎత్తుకోవడంలోనే ఉందట ఇబ్బందంతా.

ఆ పిల్ల వాళ్ళ వీధిలో ఏం చెప్పిందోగానీ, మరుసటి వారంనుంచి మేడమ్ గది ముందు నిలబడ్డానికి చోటు లేదు. ఒక మధ్యాహ్నం సార్ తలుపులోంచి తొంగిచూసి, "నా టోకెన్లు అయిపోయాయా?" అన్నారు.

"ఇద్దరున్నారు సార్. వాళ్ళు కూడా మేడమ్ దగ్గర ఖాళీ లేక మీ దగ్గరికొచ్చారు."

ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నేను ఆయన్ని అంత సంతోషంగా చూసి చాలా ఏళ్ళయింది.

ఆ సాయంత్రం మేడమ్‌తో నేను కూడా మానేద్దామనుకుంటున్నానని అన్నాను.

"మీరు మానేస్తే రేపట్నించి నేనూ బస్సెక్కను సిస్టర్. ఏడ్చే పిల్లల్ని కదలకుండా ఎలా పట్టుకోవాలో మీ దగ్గర ఇంకా సగమే నేర్చుకున్నా."

నేను వెళ్ళి తూకం మిషను తుడిచాను. మర్నాడు మామూలుగానే డ్యూటీకి వచ్చాను. ఇప్పటికీ వస్తూనే ఉన్నాను.

సార్ మానేసిన రోజు సభలూ సన్మానాలూ పెట్టుకోలేదు. అందరికీ జిలేబీ తెప్పించారు. ఆయన కోరిందొక్కటే, బయట బోర్డు తన ఎదుటే మార్చాలని. పెయింటరు నిచ్చెనెక్కి మేడమ్ పేరు రాస్తుంటే, ఎంత వద్దన్నా వినకుండా ఎండలో కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు.

"అక్షరాలు ఇంకొంచెం పెద్దవి రాయవయ్యా," అన్నారు పైకి చూస్తూ. "ఆటోలో వచ్చేవాళ్ళకి దూరంనుంచే కనబడాలి."

పెయింటరు తడిగుడ్డతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టాడు. సార్ నిచ్చెన వదలకుండా, ఇంకో చేత్తో నన్ను జిలేబీ తెమ్మని సైగ చేశారు.